యాభై నాలుగో మనిషి

ఉదయం ఏడు గంటలకి, ఏలూరులో తివాచీల గోడౌను వెనక గదిలో, చీఫ్ వేంకటాచలం గోడ మీది మ్యాప్‌లో ఒక చుక్క మీద పెన్సిల్ ఆనించారు.

"కొంగలదిబ్బ. కొల్లేరు మధ్యలో పదకొండు ఇళ్లు. రోడ్డు లేదు, పడవే గతి. రికార్డుల్లో జనాభా యాభై మూడు. నిన్న సాకేత్ డ్రోన్ ఒంటి వేడిని బట్టి యాభై నలుగురిని చూపించింది."

"ఆ ఎక్కువైన ఒక్కడూ ఎవరండీ?" అన్నాడు ఏజెంట్ రసూల్.

"అదేనండీ మీ అసైన్‌మెంట్. ఈరోజు పదకొండు నలభైకి తీరంలో క్షిపణి పరీక్ష ఉంది. దాని సిగ్నల్స్ పట్టాలంటే ఆ దిబ్బని మించిన చోటు లేదు. 'నత్త' అనే విదేశీ ముఠా అక్కడ రిసీవర్ పెడుతోంది. నడిపే ఆపరేటర్ ఆ యాభై నాలుగో మనిషేనని మృదుల కబురు. సిగ్నల్ చిక్కిందంటే మన క్షిపణిని దారి మళ్లించే తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టినట్టే. మీరు జనాభా లెక్కల ఎన్యూమరేటర్‌గా వెళ్లండి. సాకేత్ మీకు తోడు."

సాకేత్ పేరు వినగానే రసూల్‌కి ఒళ్లు మండింది.

మండదూ మరి! రసూల్‌ది పదహారేళ్ల సర్వీసు. వెయ్యని వేషం లేదు, పడుకోని రైల్వే ప్లాట్‌ఫారం లేదు. సాకేత్ వచ్చి మూడేళ్లయింది. అయినా చీఫ్ నోట ఎప్పుడు చూసినా సాకేత్ డ్రోన్, సాకేత్ యాప్, సాకేత్ ఐడియా. పోనీ, ఆఫీసు గొడవ పక్కన పెడదాం. మృదుల మాటేమిటి?

మృదుల డబుల్ ఏజెంట్. తాడేపల్లిగూడెంలో మకాం పెట్టి, పక్షుల మీద రీసెర్చ్ చేస్తున్నానని చెప్పుకుంటూ, ముఠాలో ఉంటూనే వాళ్ల గుట్టు మనకి చేరవేస్తోంది. ఆవిడ నల్ల కళ్లద్దాలు తీసి చూసిందంటే ఎంతటివాడైనా తన కోడ్‌నేమ్ మర్చిపోవాల్సిందే. ఆవిడ సాకేత్‌ని "నువ్వు" అంటుంది. రసూల్‌ని మాత్రం "మీరు", "గారూ", "అండీ". మూడేళ్లుగా ఇదే వరస. ఆ 'అండీ' వినపడ్డప్పుడల్లా అతనికి అన్నంలో రాయి పంటికింద పడ్డట్టుండేది. మర్యాదే కదా, దానికంత ఏడుపెందుకంటారా? మనసు పడ్డ మనిషి మీకూ అలాంటి మర్యాద చేస్తే అప్పుడు తెలుస్తుంది.

తొమ్మిదిన్నరకి రేవులో మృదుల వాళ్లకోసం నిలబడి ఉంది. భుజాన టెలిస్కోపు, చేతిలో స్టాండు.

"గూడబాతులు ఎన్ని దిగాయండీ?" రసూల్ కోడ్ మాట అడిగాడు.

"దిగినవి దిగాయి, ఎగిరినవి ఎగిరాయి," అంది మృదుల, సాకేత్ వైపు చూస్తూ. "సాకేత్, నువ్వు టోపీ పెట్టుకో, ఎండదెబ్బ తగుల్తుంది. రసూల్ గారూ, మీరు జాగ్రత్తండీ."

నాకు మాత్రం ఎండ తగలదు కాబోలు, అనుకుని రసూల్ పడవెక్కాడు. దారి పొడవునా వాళ్లిద్దరూ ఏవో చెప్పుకుని నవ్వుకుంటుంటే ఇతను ఫారాల మీద గీతలు గీసుకుంటూ కూర్చున్నాడు.

దిబ్బ మీద పని పంచుకున్నారు. సాకేత్ చేపల చెరువుల గట్లు వెతకాలి. మృదుల దిబ్బ రేవులోనే ఓ చిన్న దోనెలో ఉండి, టెలిస్కోపుతో నీళ్ల వైపు కాపలా కాయాలి. రసూల్ ఇంటింటికీ తిరగాలి.

పది ఇళ్లు తిరిగేసరికి నలభై ఆరుగురు తేలారు. పదకొండోది యేసమ్మ ఇల్లు. ముసలావిడ గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటోంది. పేర్లన్నీ చెప్పించుకుంటే ఏడుగురు. మొత్తం యాభై మూడు. రికార్డుకి అక్షరాలా సరిపోయింది.

"ఇంకెవరూ లేరా, మామ్మగారూ?"

"లేరండీ బాబూ."

ఆ మాట పూర్తవకుండానే తడిక వెనక నుంచి కేరుమని ఏడుపు.

"మరి ఇదేమిటండీ?"

"అదా? మా మనవరాలి బిడ్డండీ. పుట్టి ఎనిమిది రోజులు. పురుడెళ్లకుండా పసిగుడ్డుని లెక్కల్లో చెప్పుకుంటామేంటండీ! మీరు రాసుకోకండి బాబూ, దిష్టి తగుల్తాది."

రసూల్‌కి నవ్వాగలేదు. సాకేత్ డ్రోన్ పట్టిచ్చిన గూఢచారి ఉయ్యాల్లో గుప్పిట చీకుతోంది! ఈ సంగతి ఆ డ్రోన్ మొనగాడి మొహం మీదే చెప్పాలి, మృదుల వింటుండగా చెప్పాలి. ఫారాలు చంకన పెట్టుకుని రేవుకి పరుగుతీశాడు.

పదకొండు ఇరవై ఎనిమిది. సాకేత్ ఇంకా రాలేదు. దోనెలోంచి మృదుల అతన్ని చూసి కళ్లద్దాలు తీసింది.

"రసూల్, వచ్చావా! నీకోసమే చూస్తున్నాను. ఆ చివరి గట్టు మీద మేత షెడ్డుంది చూడు, వాడు అందులో ఉన్నాడు. నువ్వైతేనే పట్టగలవు. వెళ్లవూ?"

నువ్వు! రసూల్ చెవుల్లో తేనె పోసినట్టయింది. బిడ్డ సంగతి, డ్రోన్ సంగతి అన్నీ ఎగిరిపోయాయి. తల ఊపి, గట్టు పట్టుకుని తేలిపోతూ నడిచాడు. సగం దూరం వెళ్లాడో లేదో లోపల పాత మంట మళ్లీ రాజుకుంది. నన్ను నువ్వంటే, మరి సాకేత్‌ని ఇప్పుడేమంటోంది? ఏమని పిలిచి పంపించింది? ఈ మూడేళ్లలో ఆవిడ ఎవర్ని ఏమని పిలిచిందో ఒక్కటి కూడా మర్చిపోని మనిషి అతను. ఇన్నేళ్లు రాని చనువు ఇవాళ పదకొండున్నరకి ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

అడుగు ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది బిడ్డ. యాభై నాలుగో మనిషి ఉయ్యాల్లో ఉంటే షెడ్డులో ఎవడుంటాడు?

వెనక్కి తిరిగి చూశాడు. మృదుల దోనెలో నిలబడి టెలిస్కోపుని ఆకాశం వైపు ఎత్తి, గొడుగు విప్పినట్టు విప్పుతోంది. దాని అంచున ఎర్రదీపం వెలుగుతోంది.

రసూల్ బురదలో పడుతూ లేస్తూ రేవుకి చేరేసరికి పదకొండు ముప్ఫై తొమ్మిది. మృదుల చేతిలోని పిస్టల్ గురి అతని గుండె మీదే ఉంది.

"ఆగండి రసూల్ గారూ. ఇంకొక్క అడుగు వేశారంటే కాల్చేస్తానండీ."

"అప్పుడే మళ్లీ 'మీరు' అయిపోయానా?"

ఆ మాటంటూనే అతను కిందికి చూశాడు. అసలే ఏలూరు మనిషి, కొల్లేటి దోనె ఎరిగినవాడు. అందులో కూర్చోవాలి గానీ నిలబడకూడదు. దోనె కట్టిన తాడు సరిగ్గా అతని కాళ్ల దగ్గరుంది. గుంజకి కట్టిన ఆ తాడుని మడమతో ఒక్క తన్ను తన్నాడు.

దోనె ఒరిగింది. తూటా చెవి పక్కనుంచి పోయింది. మృదుల, రిసీవర్ కలిసి నీళ్లలో పడ్డారు. ఎర్రదీపం ఆరిపోయింది. మరో అర నిమిషానికి దూరంగా ఆకాశంలో తెల్లటి గీత పైకి లేచింది. అందులోని రహస్యం ఒక్క ముక్క కూడా ఎవరికీ చిక్కలేదు.

జుట్టునిండా నాచుతో ఒడ్డుకొచ్చిన మృదుల చేతులకి బేడీలు వేశాడు రసూల్. గెలిచానన్న సంతోషం రవ్వంత లేదు.

"మీ కళ్లు నామీద పడకుండా ఆ యాభై నాలుగో మనిషి కథ అల్లి, మిమ్మల్ని ఇద్దర్నీ పంపించేశాననుకున్నానండీ," అంది ఆవిడ, నీళ్లు తుడుచుకుంటూ.

అంతలో సాకేత్ మోకాళ్లదాకా బురదతో రొప్పుతూ వచ్చాడు. అతన్ని ఇంకో కొసనున్న షెడ్డుకి పంపించిందట. సంగతి విని నెత్తి పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది సార్. మిమ్మల్నేమో గౌరవంగా 'మీరు' అంటుంది. నన్ను మాత్రం చంటిపిల్లాణ్ణి చేసి 'నువ్వు' అంటుంది. మీరంటే మూడేళ్లుగా కుళ్లి చస్తున్నాను. ఇవాళేమో 'సాకేత్ గారూ, ఇది మీరే చెయ్యాలండీ' అంది. ఆ ఒక్క 'అండీ'కే మతిపోయి పరిగెత్తాను."

రసూల్ అతని పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. తర్వాత తన రుమాలు తీసి, మొహం తుడుచుకోమని ఇచ్చాడు.

సాయంత్రం ఏలూరులో రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. జరిగిందంతా టకటకా రాసేశాడు. ఆఖర్న 'అనుమానానికి కారణం' అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. నిజం రాస్తే పరువు పోతుంది. అబద్ధం రాస్తే ఉద్యోగం పోతుంది. టీ చల్లారిపోయేదాకా ఆలోచించి, చివరికి ఒకే ఒక్క మాట రాసి సంతకం పెట్టాడు.

"వ్యాకరణం."