ఎడమ దవడ

పొద్దున్నే మబ్రూకా వంటింట్లో రొట్టెలు కాలుస్తోంది. పక్కనే బల్ల దగ్గర కూతురు వసీలా లాప్‌టాప్ ముందు దిగాలుగా కూర్చుంది. సిసిలీకి పంపిన మెయిల్ మళ్ళీ వెనక్కి వచ్చింది. జతచేసిన ఫైళ్ళు మరీ పెద్దవట, తగ్గించి పంపాలట.

"పొద్దస్తమానం అందులో ఏం చూస్తావే? టీ చల్లారిపోతోంది," అంది మబ్రూకా.

"బడి పనమ్మా," అని అబద్ధమాడింది వసీలా.

ఆమె తమ్ముడు నిజార్ కిందటి శరత్కాలంలో, చెప్పాపెట్టకుండా, తమ ఊరు జర్జిస్ ఒడ్డు నుంచి సముద్రం అవతలి సిసిలీకి పడవెక్కి వెళ్ళిపోయాడు. ఆ పడవ ఏమైందో ఎవరికీ తెలియదు. సిసిలీలోని ఒక ఆసుపత్రిలో పేరు తెలియని కుర్రాడి శవం ఉందని, గుర్తింపు కాగితాలు, పళ్ళ ఎక్స్‌రేలు ఉంటే పంపమని అక్కడి డాక్టరు ఊళ్ళోని కుటుంబాలకు కబురు చేసింది. ఎవరో తేలకపోతే శుక్రవారం నంబరు వేసి పూడ్చేస్తారు.

ఈ సంగతి మబ్రూకాకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. కొడుకు ఫోను లైను తెగిపోకూడదని ఆవిడ నెలనెలా రీచార్జి చేయిస్తుంది. ఆ ఇంట్లో 'పోయాడు' అన్న మాట ఎవరి నోటా రాకూడదు. అందుకే వసీలా తల్లి లేనప్పుడు పెట్టె తెరిచి, బట్టల కింద కవరులోంచి తమ్ముడి పళ్ళ ఎక్స్‌రే తీసింది. జిరాక్సు షాపులో స్కాన్ చేయిస్తే అంతా నల్లగా వచ్చింది. చివరికి ఫిల్మును కిటికీ అద్దానికి అంటించి ఫోనుతో ఫొటో తీసింది. ఇప్పుడు సైజు తగ్గించే మీట నొక్కుతూ పోయింది. బొమ్మ చిన్నదైంది, కాస్త మసకబారింది. పళ్ళు కనిపిస్తున్నాయిలే అనుకుని పంపేసింది. ఈసారి వెళ్ళింది.

మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి తల్లి ఖాళీ కవరు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇందులో ఉండాల్సింది ఏది?"

వసీలా చెప్పులు విప్పుతూ ఉండిపోయింది.

"నిన్నే. నా పెట్టె తీసింది నువ్వా, మీ నాన్నా?"

"నేనేనమ్మా. సిసిలీకి పంపాను. అక్కడ ఒక కుర్రాడున్నాడు. పోల్చి చూస్తామన్నారు."

"బతికున్నవాడి పళ్ళు తీసుకెళ్ళి శవం పక్కన పెట్టిస్తావా? తోడబుట్టినదానివేనా నువ్వు? వాణ్ణి పూడ్చిపెట్టడానికి అంత తొందరేమిటే?"

"నువ్వొక్కదానివే ఎదురుచూస్తున్నట్టు మాట్లాడకు. తలుపు చప్పుడైతే నేనూ ఉలిక్కిపడతాను. కానీ ఈ ఇంట్లో వాడి కోసం ఏడవాలన్నా నీ అనుమతి కావాలి."

మబ్రూకా చెయ్యెత్తింది. పెరట్లో వల బాగుచేసుకుంటున్న షెద్లీ ఎప్పుడొచ్చాడో, భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్నేమీ అనకు. పంపమన్నది నేను."

"నువ్వా? ఏమయ్యా, నీకు మనసెలా ఒప్పింది?"

షెద్లీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"మా వలల్లో ఎంతమంది పడ్డారో నీకు తెలుసు. ఒడ్డుకు తెచ్చాం, కడిగాం, ఇసుకలో పెట్టి వచ్చాం. ఒకడి జేబులో తాళంచెవి ఉంది. ఏ ఊళ్ళో ఏ ఇంటిదో. వాళ్ళమ్మ కూడా ఇవాళ నీలాగే ఎవరిమీదో అరుస్తూ ఉంటుంది. నా కొడుకు మీద నంబరు పెడతామంటే నేను ఊరుకోను, మబ్రూకా."

"వాడు నీ కొడుకని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అందుకే అడిగాం."



మర్నాడు మధ్యాహ్నం జవాబు వచ్చింది. పోలడం లేదు. ఆ మాట వినగానే మబ్రూకా నవ్వింది. కొన్ని నెలల తరవాత ఆ ఇంట్లో వినిపించిన నవ్వు అది.

"చెప్పానా? ఇద్దరూ కలిసి నా గుండె ఆపేశారు. రండి, తినండి," అంటూ మూకుడు పెట్టి, గుడ్డు లోపల పెట్టిన బ్రీకులు వేయించింది. కూతురి పళ్ళెంలో తనే వడ్డించింది. వసీలాకు కూడా ఆకలేసింది. ఎవరో ఒక తల్లి కొడుకు అక్కడే ఉన్నాడని గుర్తొచ్చి, ముద్ద నోట్లో పెట్టుకోవడానికి సిగ్గేసింది.

"ఏమని రాశారో సరిగ్గా చదువు," అన్నాడు షెద్లీ.

వసీలా ఫోను తీసింది. "ఇక్కడి కుర్రాడికి సిమెంటు నింపిన పన్ను ఎడమ దవడలో ఉంది. మీరు పంపిన ఎక్స్‌రేలో అది కుడివైపు ఉంది. మీ దగ్గర ఇంకేమీ లేకపోతే శుక్రవారం ఖననం చేస్తాం. అంతే నాన్నా."

మబ్రూకా చేతిలో గరిటె అలాగే ఆగింది. మూకుట్లో బ్రీకు మాడింది. ఆవిడ పొయ్యి కట్టేసి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. షెద్లీ తిని లేచాడు. వసీలా బల్ల తుడిచింది.

"ఎడమదే," అంది మబ్రూకా, వెనక్కి తిరక్కుండా.

"ఏమిటమ్మా?"

"వాడి పన్ను. పరీక్షల ముందు ఎడమ బుగ్గ వాచి కన్ను కూడా తెరవలేకపోయాడు. లవంగ నూనె దూది పెట్టింది నేనేగా. సిమెంటు నింపాక కూడా కుడివైపే నమిలేవాడు."

వసీలా లాప్‌టాప్ తెరిచింది. మొదట తీసిన పెద్ద ఫొటో వెతికి, మూల పెద్దది చేసి చూసింది. ఎడమవైపును సూచించే అక్షరం అక్కడ ఉంది, అద్దంలోలా తిరగబడి. ఫిల్మును తిరగేసి అంటించడంతో ఎడమ కుడి అయింది. తగ్గించి పంపిన బొమ్మలో ఆ అక్షరం వట్టి మరక.

"అమ్మా," అంది వసీలా. "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"నాకు తెలిసేది. నేను పన్నెత్తి మాట్లాడకుండా వాణ్ణి నంబరు కింద పడుకోబెట్టనా?"

తడిచేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి కూతురి పక్కన కూర్చుంది. వసీలా ఫిల్మును సరైన వైపు తిప్పి అంటించి మళ్ళీ ఫొటో తీసింది. చుట్టూ ఉన్న కిటికీ చట్రాన్ని కత్తిరించింది. రంగులు తీసేసి నలుపు తెలుపుల్లోకి మార్చింది. దవడ జోలికి పోకుండానే సైజు సరిపోయింది.

"పన్ను చెరిగిపోకుండా చూడు," అంది మబ్రూకా.

"చెరగలేదమ్మా. అక్షరం కూడా ఉంది."

"అయితే పంపు."

గురువారం సాయంత్రం జవాబు వచ్చింది. అతనే. సమాధి మీద పేరు ఎలా రాయమంటారని డాక్టరు అడిగింది. షెద్లీ ఉన్నచోటే నేలమీద కూలబడ్డాడు.

"రాయి," అంది మబ్రూకా. "నిజార్. షెద్లీ కొడుకు. మబ్రూకా..." అక్కడ ఆగిపోయింది. "ఎడమదేనని నా నోటితోనే చెప్పానే వసీలా. నా నోటితోనే."

కూతురి ఒళ్ళో తల పెట్టి, ఇన్నాళ్ళూ బిగబట్టినదంతా బయటికి వచ్చేలా ఏడ్చింది. వసీలా తల్లి వీపు నిమురుతూ, ఇన్ని నెలల్లో మొదటిసారి తనూ గొంతెత్తి ఏడ్చింది.

ఆ ఏడుపు విని వీధిలో ఆడవాళ్ళు తలుపు తట్టారు. చలికాలంలో పరామర్శకు వచ్చిన వీళ్ళనే మబ్రూకా తిట్టి తరిమేసింది. వసీలా తల్లి మొహంలోకి చూసింది.

"తలుపు తియ్యి," అంది మబ్రూకా. "రానీ."