నాలుగు డోర్లూ లాక్

నాట్రంపల్లి దగ్గర హైవే పక్కన ఆగిపోయిన కారులో కన్నప్ప ఇంకా బతికే ఉన్నాడు. అరచేతులతో అద్దం బాదుతున్నాడు. టీకొట్టు దగ్గరున్నవాళ్లు పరిగెత్తుకొచ్చి నాలుగు డోర్లూ లాగారు. ఒక్కటీ రాలేదు. ఎవరో రాయి తెచ్చేలోపే కారు పేలిపోయింది.

వేలూరులో ఇంటెలిజెన్స్ చీఫ్ శంకరన్ ఆ ఫొటోలు టేబుల్ మీద పరిచి ఏజెంట్ విఘ్నేష్ వైపు చూశాడు.

"ఆంబూరు నుంచి బూట్ల డబ్బాల్లో మన రాడార్ మ్యాపులు విదేశాలకు పోతున్నాయి. ముఠా బాస్ మొహం చూసినవాళ్లు ఇద్దరే. ఒకడు ఈ కన్నప్ప. రెండో మనిషి గోపాలస్వామి, గుడియాత్తంలో దాక్కున్నాడు. రేపు రెండు గంటలకు ఆయన నా ముందు కూర్చోవాలి. ప్రాణాలతో."

"కారు?"

"మన బుల్లెట్‌ప్రూఫ్. వెనక ఇంకో కారులో ఎస్కార్ట్ సురేఖ. కోడ్‌వర్డ్ బిరియాని. ఆయన క్షేమమైతే వేడిగా ఉందను. కాకపోతే చల్లారిందను."

సురేఖ అంటే డిపార్ట్‌మెంట్ మొత్తానికీ తెలుసు. నల్ల కళ్లద్దాలు, నాలుగు భాషలు, ఫైల్ అడిగినా ప్రాణం అడిగినా ఒకటే నవ్వు. విఘ్నేష్‌కి ఆమె మీద కాస్త మనసు కూడా ఉంది, దాచడమెందుకు?

మర్నాడు పొద్దున అతను లుంగీల మూట భుజానేసుకుని వ్యాపారి వేషంలో గుడియాత్తం బజార్లో దిగాడు. కన్నప్ప కారుకి సెంట్రల్ లాక్ బిగించిన మెకానిక్ కుప్పన్ అక్కడే దొరికాడు. యాభై దాటిన మనిషి, గోళ్లనిండా గ్రీజు.

"నేనేమీ ఎరగను సార్. సత్యంగా ఆ కారు నేను తాకనే తాకలా."

"వేలూరులో చెబుదువుగానీ." బేడీలు పడ్డాయి.

గోపాలస్వామి దాక్కున్న ఇంటి ముందు బుల్లెట్‌ప్రూఫ్ కారు కనబడగానే కుప్పన్ అడుగు ముందుకు పడలేదు.

"నేను టౌన్ బస్సులో వస్తా సార్."

విఘ్నేష్‌కి నవ్వొచ్చింది. బేడీలతో టౌన్ బస్సా? మెడ పట్టి వెనక సీట్లో గోపాలస్వామి పక్కన కూలేసి, తను స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఆ నవ్వు గంట కూడా నిలవలేదు.

పల్లికొండకి ఇవతల, పాలారు వంతెన ఇంకా రాకముందే ఇంజన్ ఆగిపోయింది. నాలుగు డోర్లలోనూ ఒకేసారి టక్‌మంది. డ్యాష్‌బోర్డు లైట్లన్నీ ఆరిపోయాయి. ఫోన్ మోగింది.

"సారీ విఘ్నేష్." స్పీకర్లో సురేఖ గొంతు. "సీటు కింద మూడు నిమిషాలుంది. డోర్లతో కుస్తీ పట్టకు, చెమట పడుతుంది."

లైన్ కట్. సిగ్నల్ సున్నా. అద్దంలో చూస్తే ఆమె కారు దూరంగా రోడ్డుకి అడ్డంగా నిలబడి, వెనక వచ్చే బస్సుల్నీ షేర్ ఆటోల్నీ ఆపేస్తోంది.

విఘ్నేష్ వంగి సీటు కిందకి చూశాడు. ఎర్రటి అంకెలు. 2:47.

హ్యాండిల్ లాగాడు, ఊరికే ఊగింది. లాక్ నాబ్ కోసం తడిమాడు, మొదలంటా కోసేసి ఉంది. పిస్టల్ తీసి అద్దానికి గురిపెట్టాడు. బుల్లెట్‌ప్రూఫ్ అద్దం! తూటా తిరిగొచ్చి ముగ్గురిలో ఎవరికి తగులుతుందో. దించేశాడు. భయాన్ని జయించడం మీద ట్రైనింగ్‌లో రెండ్రోజులు క్లాసు పీకారు. ఇప్పుడు ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు.

"కన్నప్ప మాదిరి అద్దం బాదుకుంటా చావాలంటే నా వల్ల కాదు నాయనా," అన్నాడు గోపాలస్వామి. ఆయన ఏడుస్తున్నాడు.

విఘ్నేష్ వెనక్కి తిరిగాడు. "ఈ లాక్ నువ్వే బిగించావు కదా?"

"లేదు సార్!"

"మరి టౌన్ బస్సులో వస్తానని ఎందుకన్నావ్?"

కుప్పన్ తల దించుకున్నాడు. 2:05. "ఒప్పుకుంటే ఉరేస్తారు సార్."

విఘ్నేష్‌ది ఆ పక్క ఊరే. భయంలో సర్కారు తెలుగు జారిపోయి ఇంట్లో మాట బయటికొచ్చేసింది.

"అన్నా, నీ కాళ్లకు మొక్కుతా. నీ పేరు నా నోట రాదు, మా అమ్మ మీద ఆన. దావేమన్నా ఉంటే చెప్పప్పా!"

కుప్పన్ గబగబా అందుకున్నాడు. "ఎవురో సూటాయన ఈ కారు తెచ్చినాడు సార్. వీఐపీ కారు, పిల్లోళ్లు తియ్యకూడదు, నాబులు కోసెయ్యమన్యాడు. కోసినా. డోర్ లోపల చిన్న మోటారు ఉండాది. కరెంటు ఒక పక్క నుంచి పోతే కమ్మీని కిందికి లాగుతాది, లాక్. ఇంకో పక్క నుంచి పోతే పైకి నెడతాది, అన్‌లాక్. ఆయమ్మ లాక్ చేసి కరెంటు కట్ చేసింది. కరెంటు లేని మోటారుకు పట్టు యాడుంటాది? కమ్మీని ఎత్తితే చాలు, వస్తాది."

"కమ్మీ డోర్ లోపలుంది కదన్నా!"

"దారం కట్టినా సార్. మగ్గం నూలు, నాలుగు పేటలు పేనినా. కొస అద్దం కింద రబ్బరులో దూర్చినా. నాలుగేండ్ల కింద మా బజార్లో ఒక పసిబిడ్డ కార్లో చిక్కుకున్యాది, రిమోట్ బ్యాటరీ చచ్చి. ఆ పొద్దు నుంచి నేను బిగించే ప్రతి డోర్‌కూ కడతా. ఎవురూ అడగలా. నేను ఎవురికీ చెప్పలా." బేడీల చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "కన్నప్ప సారు కార్లో కూడా కట్టినా సార్."



విఘ్నేష్ తన పక్క రబ్బరుని గోళ్లతో పీకాడు. నిజమే, నీలం నూలు కొస! పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. తెగి చేతిలోకి వచ్చేసింది.

"అట్ట లాగితే తెగదా సార్!" కుప్పన్ కేక పెట్టాడు. "మెల్లగా ఎత్తల్ల, నిద్రపొయ్యే బిడ్డను ఎత్తినట్ల!"

0:48.

కుప్పన్ బేడీల చేతులతోనే తన పక్క డోర్‌లో కొస బయటికి తీశాడు. చెమటకి దారం జారింది. మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ జారింది. గోపాలస్వామి కళ్లు మూసుకుని గోవింద, గోవింద అంటున్నాడు. 0:26. కుప్పన్ వంగి దారాన్ని పళ్లతో పట్టాడు. తల కొంచెం కొంచెంగా పైకెత్తాడు. లోపల ఏదో కదిలింది, ఆగింది, ఇంకాస్త కదిలింది.

టక్.

హ్యాండిల్ లాగితే డోర్ తెరుచుకుంది. విఘ్నేష్ ముందు సీటు మీంచి దూకి గోపాలస్వామిని రెక్క పట్టి బయటికి ఈడ్చాడు. ముగ్గురూ గట్టు దిగి పాలారు ఇసుకలో బోర్లా పడ్డారు. పైన కారు పేలిన చప్పుడుకి చెవులు దిబ్బడేశాయి.

శవాలు లెక్కపెట్టుకోవడానికి సురేఖ పొగలోంచి నడిచొచ్చింది. గట్టెక్కి వచ్చిన విఘ్నేష్ పిస్టల్ ఆమె వీపుకి ఆనింది.

"ముగ్గురం బతికే ఉన్నాం మేడమ్. చెమట పట్టిన మాట నిజమే."

అరగంటకి పోలీసు జీపులొచ్చాయి. ఆమెను ఎక్కించాక, కుప్పన్ బేడీలు తీసేసి విఘ్నేష్ చీఫ్‌కి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి, బిరియాని వేడిగా ఉందన్నాడు. శంకరన్ అంతా విని రెండు ప్రశ్నలు వేశాడు.

"లాక్ బిగించినవాడెవడు?"

"తెలియలేదు సార్."

"తెరిచినవాడు?"

విఘ్నేష్ ఇసుకలో చతికిలబడ్డ కుప్పన్ వైపు చూశాడు. "అదీ తెలియలేదు సార్."

పొద్దున్నుంచి ప్రాణాలరచేత పెట్టుకున్న కుప్పన్ మొహం అప్పుడు చిన్నబోయింది.

"బిగించింది నేనని రాయొద్దు, సరే," అన్నాడు. "తెరిచింది నేనని రాసుకుంటే ఏం పోతాది సార్ మీకు?"