పద్నాలుగో తలకాయ

"మన ఇనప్పెట్టెలోంచి నిన్న సాయంత్రం లిస్ట్ పోయింది," అన్నాడు చీఫ్, టీ కూడా తాగనివ్వకుండా. "సరిహద్దు అవతల మనవాళ్ళు పదకొండు మంది. అందులో మీ తమ్ముడొకడు."

ఏజెంట్ టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. రెండు దేశాల మధ్య తిరిగే ప్రతి బండి వేళలూ నోటికి వచ్చు కాబట్టి ఆఫీసులో అతణ్ణి టైంటేబుల్ అని పిలుస్తారు. ఆ క్షణంలో మాత్రం గోడ మీది గడియారం చూసి టైమెంతయిందో చెప్పలేకపోయాడు. అప్పుడు సరిగ్గా తొమ్మిది.

"ఫోన్ చేసి తప్పుకోమందాం సార్."

"అక్కడి లైన్లన్నీ వింటున్నారు. మనం ఏ ఇంటికి ఫోన్ చేస్తే ఆ ఇంటికే ముందు వెళ్తారు."

కిటికీ దగ్గర నిలబడిన మేడమ్ నల్ల కళ్ళద్దాలు తీసింది. మూడేళ్ళుగా శత్రువుల ముఠాలో ఉంటూ మనకి వార్తలు మోస్తున్న డబుల్ ఏజెంట్ ఆమె. ఆమె గదిలోకి వస్తే ఫైళ్ళు కూడా తల తిప్పి చూస్తాయని ఆఫీసులో జోకు.

"కొరియర్ తెల్లవారుజామునే రైలెక్కాడు," అంది. "రెండున్నరకి అక్కడి స్టేషన్లో దిగుతాడు. లిస్ట్ ప్లాట్‌ఫారం మీదే చేతులు మారుతుంది. వాడి మొహం నాకొక్కదానికే తెలుసు. నేనూ వస్తాను."

"రైలాపలేమా?" అన్నాడు చీఫ్.

"వంతెన దాటేసింది సార్," అన్నాడు టైంటేబుల్. "అక్కడ పట్టాల వెడల్పు వేరు. అవతలి ఒడ్డున చక్రాలు మార్చడానికి రెండు గంటలు ఆపుతారు. మనకున్న ఆశ ఆ రెండు గంటలే."

"విమానం?"

"గాల్లో గంటే. కానీ రెండింటికి గాని లేవదు."

"లాంచీ?"

"సరస్సు మీద గాలి. తాళ్ళు విప్పట్లేదట."

"ఆఫీసు కారు?"

"మన నంబరు ప్లేటుకి పర్మిట్ కావాలి. మూడు రోజులు."

ఇక మిగిలింది షేర్ వ్యాన్. పద్నాలుగు సీట్లు, రెండు దేశాల పర్మిట్, నాలుగు గంటల ప్రయాణం. పదింపావు దాటి పది నిమిషాల్లోగా కదిలితే రైలుకంటే అయిదు నిమిషాల ముందు చేరుతుంది. గుడ్డికన్ను మూసినా ఒకటే తెరిచినా ఒకటే అన్నట్టుంది వ్యవహారం, కానీ వేరే దారి లేదు.

"మేడమ్‌కి పాస్ ఉండదు. నీ ఆఫీసు పాస్ చూపిస్తే వంతెన దగ్గర మనవాళ్ళు మీ ఇద్దర్నీ సోదా చెయ్యరు," అన్నాడు చీఫ్. "పదండి."

మారువేషాలు సిద్ధమయ్యాయి. అతడు పంపుసెట్ల మెకానిక్, ఆమె మెకానిక్ భార్య. మెకానిక్ భార్యకి అంత లిప్‌స్టిక్ ఎందుకని అడిగే తీరిక ఎవరికీ లేదు.

తొమ్మిదిన్నరకి స్టాండు చేరేసరికి వ్యాన్లో అయిదుగురే ఉన్నారు.

"మిగతా టికెట్లన్నీ నేనే కొంటాను. పోనివ్వండి," అన్నాడు టైంటేబుల్, బండ్లు పంపే స్టాండు మేస్త్రీతో.

మేస్త్రీ ఈల నోట్లోంచి తీశాడు. "సీటు కొంటారు సరే, మనిషేడీ? నాకు తలకాయలు కావాలి. ఒక్క తల తక్కువైనా బండి పంపానంటే, వెనక వరసలో ఉన్న డ్రైవర్లు నా తలకాయ తీస్తారు. ఇక్కడ గొడవలన్నీ చూసి చూసి పెట్టుకున్న రూలండీ ఇది."

దేశరహస్యాలు మోసే గొంతుతో టైంటేబుల్ కేకలు మొదలుపెట్టాడు. బస్సు క్యూలో నిలబడిన ఇద్దర్ని బతిమాలి లాక్కొచ్చాడు. టికెట్ మార్చుకుంటున్న దంపతుల కాళ్ళా వేళ్ళా పడ్డాడు. ఒక ముసలామె ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వ్యాన్ దాకా మోశాడు. చొక్కా తడిసి వీపుకంటుకుంది. చిన్నప్పుడు తమ్ముడికి దెబ్బ తగిలితే ఏడ్చేది ఇతడే. ఇప్పుడు ఏడవడానికి కూడా టైము లేదు.

పది గంటలు. తొమ్మిది తలలు. పదింపావు. పన్నెండు. తర్వాత ఒక్కరూ రాలేదు. టైంటేబుల్ స్టాండు బయటికి పరిగెత్తి, గొడుగులు బాగుచేసేవాణ్ణి "మీకు అక్కడ చుట్టాలెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. అదృష్టం, అతడికి కూతురుంది.

పదమూడు. పద్నాలుగో తల తనదే. పదీ ఇరవైనాలుగు. మేస్త్రీ ఈల వేశాడు. డ్రైవర్ గేరు వేశాడు. టైంటేబుల్ మెట్టు మీద కాలు పెట్టాడు.

మేడమ్ తలుపు పక్క సీట్లోంచి జాలిగా నవ్వింది. "ఇంక బెంగపెట్టుకోకండి. సాయంత్రం తమ్ముడి కుట్టుమిషన్ పక్కన కూర్చుని కాఫీ తాగుదురు గాని."

అతడి కాలు ఆగిపోయింది.

తమ్ముడు అక్కడ దర్జీ వేషంలో ఉన్నాడని ఆఫీసులో ఇద్దరికే తెలుసు. కన్నతల్లి కూడా ఇన్సూరెన్స్ పని అనే అనుకుంటోంది. ఆ సంగతి రాసి ఉన్నది ఒక్క లిస్ట్‌లోనే. లిస్ట్ కొరియర్ దగ్గరుందన్న మనిషికి కుట్టుమిషన్ ఎలా తెలిసింది? రైల్లో కొరియర్ లేడు. కొరియర్ ఇక్కడే కూర్చుంది. సోదా లేకుండా వంతెన దాటడానికి తన పాస్ కావాలి, అంతే. గంటసేపు నోరు పోయేలా అరిచి, తమ్ముడి చావుకి తనే బండి నింపాడు.

కాలు కిందికి తీశాడు. "మేస్త్రీ గారూ, నేను రావట్లేదు."

డ్రైవర్ ఇంజను ఆపేశాడు. మేడమ్ పర్సు చాటున లిప్‌స్టిక్ తీసి అతడి గుండెకి గురిపెట్టింది. మన వర్క్‌షాపు చేసిచ్చిన పిస్తోలే, ఒకటే తూటా.

"ఎక్కండి," అంది మెల్లగా.

"కాల్చండి మేడమ్. చచ్చినవాడి తలకాయ లెక్కలోకి రాదు."

ఆమె మొహంలో రంగు మారింది. వేరే దారి చూసుకుందామని లేచి తలుపు మీద చెయ్యి వేసింది. అదే ఆమె చేసిన తప్పు.

"ఎక్కడికమ్మా?" అంది ట్రంకుపెట్టె ముసలామె, ఆమె మణికట్టు పట్టుకుని. "ఆయనెటూ దిగిపోయాడు. నువ్వూ పోతే ఇంకా ఇద్దరు కావాలి. గంట నుంచి కూర్చున్నాం, నడుములు పడిపోయాయి. కూర్చో."

వెనకనుంచి గొడుగులాయన భుజం పట్టి లాగాడు. దంపతులు తలుపుకి అడ్డం పడ్డారు. పన్నెండు మంది ప్రయాణికుల ఓపిక నశిస్తే ఏమవుతుందో గూఢచారి శిక్షణలో ఎవరూ నేర్పరు. పెనుగులాటలో తూటా వ్యాన్ కప్పుకి చిల్లి పెట్టింది. లిప్‌స్టిక్ దొర్లి మెట్టు కింద పడింది.

టైంటేబుల్ దాని అడుగు తిప్పాడు. గోరంత ఫిల్ము. వెలుగుకి ఎత్తి చూస్తే పదకొండు వరసలు. నేల మీద చతికిలబడి, అందరూ చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చాడు.

స్టాండు పోలీసులు మేడమ్‌ని తీసుకెళ్ళారు. చీఫ్ వచ్చి ఫిల్ము తీసుకుని, వీపు తట్టి, తమ్ముణ్ణి ఒకసారి కళ్ళారా చూసిరమ్మని సెలవిచ్చాడు. అప్పటికి మేస్త్రీ ఎక్కడినుంచో ఇద్దర్ని పట్టుకొచ్చి, కప్పుకి చిల్లితోనే ఆ వ్యాన్ పంపేశాడు.

టైంటేబుల్ వెనక వ్యాన్ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. లోపల ఇంకెవరూ లేరు.

"ఎప్పుడు కదులుతుందండీ?" అని అడిగాడు.

"ఇదిగో, ఇప్పుడే," అన్నాడు మేస్త్రీ. "ఇంకో పదముగ్గురు రాగానే."