నెమలి వదిలేసిన గొడుగు

కొన్నేళ్లుగా ఒక సందేహం అతన్ని వదల్లేదు. ఆనాడు వానలో, రైల్వే ప్లాట్‌ఫారం మీద, చేతికందేంత దూరం నుంచి ఆమె పేల్చిన తూటా అతని చెవి పక్కగా దూసుకుపోయింది. గురి తప్పిందా, ఆమే తప్పించిందా, లేక దేవుడు చెయ్యి అడ్డం పెట్టాడా? పోలీసు విజిల్ వినపడగానే ఆమె గొడుగు పారేసి మాయమైంది. అతను అదే వేసుకుని ఇల్లు చేరాడు.

"ఎవరిదండీ ఈ ఆడవాళ్ల గొడుగు?" అంది భార్య.

"బదులు తెచ్చాను."

"అయితే ఇచ్చెయ్యండి. ఒకరి సొమ్ము ఇంట్లో ఉంటే రుణం మిగిలిపోతుంది."

ఇవ్వాలంటే ఆమె దొరకాలి కదా! ఆమె విదేశీ ముఠా ఏజెంట్. సంకేతనామం నెమలి.

ఇప్పుడతను ఓ దీవిలో, ఫైవ్ స్టార్ హోటల్‌కి ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్. పైకి మాత్రమే. అసలు పని గూఢచర్యం. గొడుగు అక్కడ గెస్టులు మరిచిపోయిన వస్తువులుంచే లాస్ట్ అండ్ ఫౌండ్ బీరువాలో ఉంది.

ఆ ఉదయం చీఫ్ ఫోన్ చేశాడు.

"మీ హోటల్లో మారుపేరుతో ఉన్న మన సైంటిస్ట్ మధ్యాహ్నం సీప్లేన్ ఎక్కుతాడు. ఆయన్ని లేపెయ్యడానికి ముఠా మనిషిని పంపింది. ఎవరో తెలీదు."

"ఆయుధం?"

"నీ జేబులో పెన్నే. అందులోంచి దూసుకుపోయే మత్తు సూది ఒక్కటే ఉంది, జాగ్రత్త. ఇంకోటి. నెమలి వస్తోంది. మన వైపు తిరిగానంటోంది. సముద్రం కనపడని గది కావాలంటుంది. అదే కోడ్."

"దీవికొచ్చి అదెవరడుగుతారు?"

"అందుకే పెట్టాను."

"ఆమెను నమ్మొచ్చా?"

"నమ్మేవాణ్ణయితే నీ కళ్ల ముందే ఎందుకుంచుతాను?"

గంట తిరక్కుండా ఆమె డెస్క్ ముందు నిలబడి నల్లకళ్లద్దాలు తీసింది.

"సముద్రం కనపడని గది కావాలి."

పక్కనున్న రిసెప్షనిస్ట్ నోరెళ్లబెట్టింది. అతను కీ కార్డు కవరు మీద గది నంబరు రాసి, పైకి చదవకుండా ఆమె వైపు తిప్పాడు. హోటల్ పనిలో మొదటి రోజు నేర్పే పాఠమది. లాబీలో ఎవరి చెవి ఎటుందో తెలీదు. అందుకే గెస్ట్ గది నంబరు నోటితో పలకరు.

"నన్ను నమ్మరా?" మెల్లిగా అడిగింది.

"గెస్ట్ దేవుడితో సమానం మేడమ్. దేవుణ్ణి కూడా అప్పుడప్పుడు అనుమానిస్తాం కదా."

"ముఠా పంపినవాడు స్టాఫ్ యూనిఫాంలో ఉన్నాడు. ముఖం నాకూ తెలీదు."

చెకౌట్ వేళయింది. లాబీ నిండా సూట్‌కేసులు, పిల్లల ఏడుపులు. సీజన్ రద్దీకని వేరే హోటల్ నుంచి వచ్చిన అసిస్టెంట్ మేనేజర్ చల్లటి టవల్స్ ట్రేతో తిరుగుతున్నాడు. పదేళ్ల అనుభవమట. నవ్వు మాత్రం అద్దం ముందు నేర్చుకున్నట్టుంది.

లిఫ్ట్ తెరుచుకుంది. సైంటిస్ట్ బయటికొచ్చాడు. సోఫాలోంచి నెమలి లేచింది. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది.

అతని పెన్ను ఆమె వైపు తిరిగింది. సూది ఒక్కటే. పొరబడితే ఒక ప్రాణం పోతుంది. స్వామీ, ఈసారి నా చెయ్యి నువ్వే పట్టుకో!

"గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్! రూమ్ ఐదొందల పన్నెండే కదా? టవల్ తీసుకోండి!"

లాబీ అంతా వినపడింది. పలికింది అసిస్టెంట్ మేనేజర్.

పదేళ్లు డెస్క్ వెనక నిలబడినవాడి నోట ఆ నంబరు రాదు. పెన్ను గిర్రున తిరిగింది. క్లిక్.

సైంటిస్ట్ చెయ్యి టవల్ దాకా పోకముందే అసిస్టెంట్ మేనేజర్ ట్రేతో సహా కూలాడు. టవల్ మడతలోంచి సిరంజి దొర్లింది. అతను దాని మీద బూటు మోపాడు.

"ఏం కంగారు లేదు. ఎండదెబ్బ," అన్నాడు చుట్టూ చూసి.

సీప్లేన్ నీళ్లు చిమ్ముకుంటూ పైకి లేచాక గానీ అతనికి ఊపిరాడలేదు. తిరిగొచ్చేసరికి నెమలి డెస్క్ దగ్గరుంది. బ్యాగ్ కొంచెం తెరిచి పిస్తోలు చూపించింది.

"మీ సూది తప్పితే ఇది వాడికే. మీ పెన్ను మాత్రం నా మీదుంది!"

"క్షమించండి. పాత పరిచయం కదా." గొంతు తగ్గించాడు. "ఆ రోజు ప్లాట్‌ఫారం మీద… తప్పిందా, తప్పించారా?"

ఆమె బ్యాగ్ మూసింది.

"చంపాలనే పేల్చాను. చెయ్యి ఎందుకు పక్కకు పోయిందో ఇప్పటికీ తెలీదు."

అతను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. బీరువాలోంచి గొడుగు తెచ్చి ఆమె చేతికిచ్చి, రిజిస్టర్ ముందుకు జరిపాడు.

"సంతకం పెట్టండి మేడమ్."

"ఏ పేరుతో?"

"ఏదైనా ఫర్వాలేదు. గొడుగు ఇచ్చేసినట్టు మా ఆవిడకి చూపించాలి. మగపేరైతే ఇంకా మంచిది."