ఇరవై ఒకటో కుర్చీ

నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి ఇంజనీరు నిలబడే ఉన్నాడు. మెడకి బిగించిన నెట్‌వర్క్ కేబుల్ రెండో కొస పైన జాలీకి కట్టి ఉండబట్టి నిలబడ్డాడు గానీ, ప్రాణం రెండో అంతస్తులోనే పోయింది. కేబుల్ మెడని కోసేసి నెత్తురు జేబులదాకా కారింది. జేబులన్నీ బయటికి లాగేసి ఉన్నాయి. టైము పొద్దున పదీ పది.

పదకొండు కాకముందే ఆ కబురు బొంగరం చెవిన పడింది. బొంగరం అన్నది గూఢచారి శాఖలో అతనికి పెట్టిన పేరు. ఎవరో ఒకరు తాడేసి లాగితే తప్ప కదలడు, కదిలాక మాత్రం ఎవరూ ఆపలేరు. శాఖాధిపతిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన ఒక లాండ్రీ వెనకగదిలో, ఆవిరి కక్కుతున్న ఇస్త్రీ మిషన్ల మధ్య స్టూలు మీద కూర్చుని బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"చచ్చినవాడు సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి. సెక్యూరిటీ వ్యాన్లు తిప్పే కంపెనీలో ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికొచ్చాడు. ఉత్తరాలు, పట్టికలు, అన్నీ బ్రౌజర్‌లోనే తెరిచి రాసుకోవచ్చు. బయటి క్లౌడ్ అక్కర్లేదు, కంపెనీ సొంత సర్వర్ మీదే నడుస్తుంది. ఇవాళే మొదలు."

"దానికోసం మనిషిని చంపుతారా సార్?"

"వ్యాన్ల రూటు షీటు ఆ సర్వర్ మీదే ఉంది. విదేశీ ముఠాకి విషాలు తయారుచేసిన కెమిస్టు మనవైపు తిరిగాడు. ఇవాళ కోర్టులో సాక్ష్యం చెప్పాలి. పన్నెండింటికి అతన్ని ఎక్కించుకుని వ్యాను బయల్దేరుతుంది." పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "డ్రైవరు మీ అక్క."

బొంగరం తలుపుదాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. తమ్ముడి చదువు కోసం పద్దెనిమిదేళ్ళకే లారీ స్టీరింగు పట్టిన మనిషి.

"ఫోన్ చేసి ఆపండి సార్!"

"ఫోన్లు ముందే తీసేసుకున్నారు. రేడియో లేదు. వ్యాను ఎక్కడ ఆగి ఉందో నాక్కూడా తెలీదు, అది వాళ్ళ కట్టుబాటు. పన్నెండు కొట్టగానే మీ అక్క టాబ్లెట్‌లో షీటు తెరుస్తుంది. అందులో ఏ దారి ఉంటే ఆ దారే."

"సర్వర్ ఆపేస్తే?"

"షీటు తెరుచుకోకపోతే పాత హైవే మీద పోవాలని రూలు. ఆ దారిలో ముఠావాళ్ళు రాకెట్లతో కాపు కాశారు. చూసిరమ్మని పంపిన మనవాళ్ళిద్దరూ తిరిగి రాలేదు. కాబట్టి సర్వర్ బతికుండాలి, షీటు మారకూడదు. రూటు గుమాస్తా పదకొండూ యాభై అయిదుకి ఆఖరిసారి సరిచూసి లేస్తాడు. పన్నెండుకి షీటుకి సీలు పడుతుంది. ఆ అయిదు నిమిషాల్లో ఎవడు వేలు పెడతాడో చూడు. లోపల నెమలి ఉంది."

నెమలి శాఖ మనిషే. పైకి సాఫ్ట్‌వేర్ కంపెనీలో లైసెన్స్ మేనేజరు, ముఠాకి నమ్మకస్తురాలు, పెద్దాయనకి కళ్ళూ చెవులూ. ఇంజనీరు చచ్చాడు, లైసెన్సు ఎక్కించాల్సిన పని మిగిలిపోయింది, తెలిసినవాణ్ణి పంపండి అని కబురు పెట్టింది ఆమే. బొంగరం పదేళ్ళుగా చేస్తున్న కవర్ ఉద్యోగం సర్వర్లు ఇన్‌స్టాల్ చెయ్యడమే కాబట్టి వేరే మనిషిని వెతకనక్కర్లేకపోయింది.

పదకొండూ ఇరవై అయిదుకి, తలకి తెల్లరంగు, చొక్కా కింద గుడ్డల బొజ్జ, చేతిలో చిరుగుల బ్యాగుతో ఒక విసిగిపోయిన ఇంజనీరు నాలుగో అంతస్తు సర్వర్ రూములోకి ఈసురోమంటూ నడిచాడు. ఏసీ చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. ర్యాకు పక్కన, ఆకుపచ్చ పట్టు స్కార్ఫుతో నెమలి నిలబడి ఉంది. అంతటి అందగత్తెని సర్వర్ రూములో పెట్టడం కరెంటు దండగ అనిపించింది అతనికి.

"ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుందటగా?" అన్నాడు.

"లాగితే చిరుగుతుంది. మెల్లగా తిప్పండి," అంది ఆమె. కోడ్ సరిపోయింది. ఒక పెన్‌డ్రైవ్ అందించింది. "లైసెన్సు ఫైలు ఇందులో ఉంది. త్వరగా కానివ్వండి."

అతను అడ్మిన్ పేజీ తెరిచాడు. లైసెన్సు లేనప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ ఉచిత పద్ధతిలో నడుస్తుంది. ఒకేసారి రాసేవాళ్ళకి ఇరవై కుర్చీలే ఉన్నట్టు లెక్క. ఒకడే రెండు ఫైళ్ళు తెరిస్తే రెండు కుర్చీలు పోయినట్టే. ఇరవై ఒకటోవాడు వస్తే ఫైలు కనిపిస్తుంది, చదువుకోవచ్చు, ఒక్క అక్షరం మార్చలేడు. చదివేవాళ్ళు ఎంతమందైనా రావచ్చు. ఆ నిమిషానికి పంతొమ్మిది మంది రాస్తున్నారు.

పెన్‌డ్రైవ్ మూత తీశాడు. మూత లోపల ఇంకా తడి ఆరని రక్తం. ఇంజనీరు జేబులు ఎవరు ఖాళీ చేశారో బొంగరానికి అప్పుడు అర్థమైంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగ మూత తుడవడం మర్చిపోయింది.

అతను తల ఎత్తేలోపే నుదుటికి పిస్తోలు ఆనింది.

"మొహం దాచుకోవడం నేర్పలేదా మీ పెద్దాయన?" అంది నెమలి.

ర్యాకుల వెనకనుంచి మెడలో కొలత టేపు, చేతిలో జానెడు కత్తెరతో ఒక బక్కమనిషి వచ్చాడు. ముఠాలో వాణ్ణి దర్జీ అంటారు. బొంగరం చేతిలోని స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు. శాఖవాళ్ళు ఎంతో మురిసిపోతూ ఇచ్చిన గాడ్జెట్ అది. మత్తుసూది ఎగిరి దర్జీ కాన్వాసు కోటులో గుచ్చుకుని అక్కడే వేలాడింది. దర్జీ దాన్ని పీకి పారేశాడు.

"ఈ దర్జీదే తొందరపాటు," అంది నెమలి విసుగ్గా. "లైసెన్సు పడితేగానీ ఆ అయిదు నిమిషాల్లో నాకు షీటులో రాసే చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. పడకముందే ఇంజనీరుని చంపేశాడు. ఇంకొకణ్ణి మీ శాఖనే అడుక్కోవాల్సి వచ్చింది."

"కొలత తీసుకోకుండా కత్తిరిస్తే అంతే," అన్నాడు బొంగరం.

కత్తెర కరకరలాడింది. ఎడమచెవి తమ్మె కీబోర్డు మీద పడింది. కళ్ళముందు తెల్లటి మెరుపు. వేడి నెత్తురు కాలరులోకి కారింది.

"ఎక్కించు," అన్నాడు దర్జీ.

"ఎక్కిస్తా, ఎక్కిస్తా," అన్నాడు బొంగరం. లైసెన్సు ఫైలుని ఉండాల్సిన ఫోల్డర్‌లోనే పెట్టి చూపించాడు. నిజమే, అక్కడే పెట్టాలి. కాకపోతే సర్వీసుని రీస్టార్ట్ చేస్తేగానీ సాఫ్ట్‌వేర్ దాన్ని చదవదు. ఆ సంగతి తెలిసిన ఇంజనీరు పొద్దునే లిఫ్టులో పోయాడు. బొంగరం రీస్టార్ట్ జోలికి పోలేదు.

"ఇప్పుడు టెస్టింగ్. అది లేకపోతే పాడైపోతుంది," అని గొణుగుతూ ఒక ఖాళీ ఉత్తరం తెరిచాడు. ఇరవై. పదకొండూ యాభై అయిదుకి రూటు గుమాస్తా షీటు మూసి లేచాడు. పంతొమ్మిది. బొంగరం ఒక పట్టిక తెరిచాడు. మళ్ళీ ఇరవై.

నెమలి తన లాప్‌టాప్‌లో షీటు తెరిచింది. దారి మార్చి వ్యానుని తిన్నగా ముఠా గోడౌనుకి రప్పించాలి, కెమిస్టు ప్రాణాలతో దొరకాలి, డ్రైవరుతో పనిలేదు. ఆమె టైపు చేసింది. అక్షరం పడలేదు. పైన సన్నటి పట్టీ వచ్చింది: చదవడానికి మాత్రమే.

"ఇది ఎక్కలేదు," అంది. "వీడు మోసం చేశాడు!"

దర్జీ కత్తెర ఎత్తి బొంగరం కుడి అరచేతిని బల్లకి దిగ్గొట్టాడు. ఎముకల మధ్యనుంచి చెక్కలోకి దిగిన చప్పుడు అతని దవడల్లో వినిపించింది. గావుకేక పెట్టాడు.

"ఏం చెయ్యాలో చెప్పు!"

తెర మీద అంకె మారింది. ఆఫీసులో ఎవరో మహానుభావుడు పని ముగించి ఫైలు మూశాడు. పంతొమ్మిది. నెమలి రీలోడ్ మీదికి వేలు పోనిచ్చింది. బొంగరం నెత్తుటి ఎడమచేత్తో ఇంకో ఖాళీ ఉత్తరం తెరిచాడు. ఇరవై. నెమలి తెర మీద పట్టీ అలాగే ఉంది.

దర్జీ అతని జుట్టు పట్టి వెనక్కి లాగాడు. అదే కావాల్సింది. బొంగరం పళ్ళు బిగించి, చేతిలోంచి కత్తెర పెకలించి, వెనక్కి చూడకుండా పొడిచాడు. కత్తెర దర్జీ గొంతులో పిడిదాకా దిగింది. వాడు కొలత టేపుని రెండు చేతులతో పట్టుకుని, గురగురమంటూ నేలమీద గిలగిల్లాడి ఆగిపోయాడు.

పదకొండూ యాభై తొమ్మిది. నెమలి పిస్తోలు తిప్పింది, అతనివైపు కాదు, సర్వర్ వైపు.

"షీటు తెరుచుకోకపోతే పాత హైవే," అంది. "కెమిస్టు ప్రాణాలతో దొరక్కపోయినా ఫర్వాలేదు."

బొంగరం ర్యాకుకి వీపు ఆనించి చేతులు చాచి నిలబడ్డాడు. జీవితంలో అంత భయం వెయ్యలేదు, అడ్డు తప్పుకోవాలనీ అనిపించలేదు. మొదటి గుండు భుజంలో దిగింది. రెండోది పక్కటెముకల కింద. వెనక ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు వింటూ ఆమెవైపు ఒక్కో అడుగూ వేశాడు. మూడోది గుడ్డల బొజ్జలో ఇరుక్కుంది. నాలుగోది పేలేలోపే నెమలి మణికట్టు పట్టి విరిచి, ఆమె తలని ఇనుప తలుపుకేసి కొట్టాడు. ఒకసారి సరిపోలేదు. రెండోసారి ఆమె స్కార్ఫుతో సహా జారిపోయింది.

తెర మీద పన్నెండు పడింది. షీటుకి సీలు పడింది. మరుక్షణం చదివేవాళ్ళ జాబితాలో ఒక పేరు చేరింది: వ్యాను, టాబ్లెట్ ఒకటి. బొంగరం ఆ వరుస మీద నెత్తుటి వేలు ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

సాయంత్రం ఆసుపత్రికి అక్క యూనిఫారంతోనే వచ్చింది. చెవికి కట్టు, చేతికి కట్టు, ఒంటినిండా గొట్టాలు. పక్కన నిలబడ్డ పెద్దాయన నోరు విప్పొద్దన్నట్టు దగ్గాడు. శాఖ రూలు ఇంట్లోవాళ్ళకీ వర్తిస్తుంది.

"ఏమైందిరా ఇది?"

"సర్వర్ ర్యాకు మీద పడిందక్కా."

"నీ మొహం మండ!" అంటూ అక్క కళ్ళు తుడుచుకుంది. పమిటలాంటిదేమీ లేక యూనిఫారం చేతితోనే తుడుచుకుంది. "నేను చూడు, పన్నెండింటికి షీటు తెరిచాను, చెప్పిన దారినే పోయాను, మనిషిని దింపాను, వచ్చాను. చీమైనా అడ్డం రాలేదు. నువ్వు ఏసీ గదిలో కూర్చుని ఇంత చేసుకొచ్చావు. నా ఉద్యోగం నువ్వు చేస్తే ఒక్కరోజు బతుకుతావురా?"

"బతకనక్కా," అన్నాడు బొంగరం. "నాకు రిస్కు పడదు."