ఉబ్బని ప్యాకెట్

సూరత్‌లో డుమస్ బీచ్ దగ్గర టమాటా భజియాల బండి ముందు రాఘవ చచ్చిపోయాడు. చంపినవాళ్లు తుపాకీ తీయలేదు, గొంతు పిసకలేదు. అతను ప్లేటు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, బైక్ ఎక్కి హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు. పట్టీలో విషపు సూది ఉంది. స్టాండు తీయబోయిన కాలు అక్కడే ఆగిపోయింది. బండివాడు వడదెబ్బ అనుకుని మొహాన నీళ్లు చల్లాడు.

అయితే భజియాలు తింటూనే రాఘవ తన చీఫ్‌కు ఒక మెసేజ్ పంపేశాడు. "సరుకు రైడర్ల సామానులో పోతుంది. కొండ ఎత్తుకు చేరితే మేలుకుంటుంది. విప్పితే పేలుతుంది."

మర్నాడు మధ్యాహ్నం స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ఊర్మిళ కౌంటర్ ముందు నిలబడింది.

"తడి సరుకా, పొడి సరుకా?" తలెత్తకుండా అడిగాడు రామలింగేశ్వరరావు.

"తడిస్తే రంగు దిగే సరుకు."

ఆ జవాబు విన్నాకే ఆయన వెనక గది తలుపు తీశాడు. లోకానికి ఆయన పార్సిల్ సూపర్‌వైజర్. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకు మాత్రం చీఫ్. ఊర్మిళ సంగతీ అంతే. లింబాయత్ బస్తీలో ఆమె, చీరలు మడిచి కవర్లలో సీలు వేసే రాజమ్మ పెద్దబిడ్డ. ఆయన ఫైల్లో ఏజెంట్ బాబిన్. గదిలో గోనెసంచులు చుట్టిన మోటార్ సైకిళ్లు, పెట్రోలు తీసేసిన ట్యాంకులతో జమ్మూ రైలు కోసం వరసగా నిలబడి ఉన్నాయి.

"రాఘవ నాకు బండి నేర్పిండు సార్," అంది ఊర్మిళ.

"ఏడుపు తర్వాత. ముందు విను. ముఠా పేరు బ్లాక్ ఐస్. పరాయి దేశం వాళ్ల సొమ్ము, మన ఊరి మనుషులు. మీ బైక్ క్లబ్బు లదాఖ్‌లో చాంగ్ లా కనుమ ఎక్కే రోజునే, సైన్యం కాన్వాయ్ కొత్త రాడార్ వేసుకుని అదే దారిన ఎక్కుతుంది. సామానులో పోయేది బీకన్. ఆ కనుమంత ఎత్తులో గాలి పల్చబడితే దానిలోని సెన్సర్ పసిగట్టి సిగ్నల్ మొదలెడుతుంది. సరిహద్దు అవతలి డ్రోన్ ఆ సిగ్నల్ పట్టుకుని వచ్చి పడుతుంది."

"రైడ్ ఆపిస్తే అయిపోతది కద."

"ఇంకో క్లబ్బుతో పంపుతారు. పెట్టినవాడు కావాలి నాకు."

"బండ్లు విప్పి చూసిన్రా?"

"బోల్టు బోల్టూ చూశాం. లేదు. మీలో మన మనిషి ఇంకొకామె ఉంది, ప్రవల్లిక. బ్లాక్ ఐస్ జీతం తింటూ మనకు కబుర్లు మోస్తుంది. ఆమె చెప్పినట్టు నడుచుకో."

ప్రవల్లిక అంటే క్లబ్బు మొత్తానికి వెర్రి. తెల్ల లెదర్ జాకెట్, ఎర్ర లిప్‌స్టిక్, లక్షల మంది చూసే వీడియోలు.

"దుమ్ముల తిరిగొచ్చినా ఆమె లిప్‌స్టిక్ చెదరదు సార్. నాకు నమ్మకం లేదు."

"నీ నమ్మకం ఎవడడిగాడు?" రావు వేలికి తొడిగే ఆక్సీమీటర్ ఒకటి బల్ల మీదకు తోశాడు. "కొండల్లో అందరూ పెట్టుకునేదే. బీకన్ నిద్రలో ఉంటే పచ్చ లైటు, మేలుకుంటే ఎరుపు. ఎరుపు వచ్చాక ఒక చాయ్ తాగేంత టైముంటుంది." గొంతు తగ్గించాడు. "మీ తమ్ముడు మహేశ్ కూడా వస్తున్నాడుగా? సరుకు ఎవడి సంచిలో దొరికితే వాడే దేశద్రోహి. నేను చుట్టరికాలు చూడను."

ఇంటికి వచ్చేసరికి రాజమ్మ చీరల కవర్లలో సకినాలు నింపి, సీలు మిషన్‌తో మూతులు అతికిస్తోంది. క్లబ్బులో మనిషికో ప్యాకెట్. తినుబండారాలు ఆఖరి కనుమ మీదే విప్పాలని వాళ్ల రివాజు.

"ఆ తెల్ల జాకెట్ పిల్ల పొద్దున వచ్చింది," అంది రాజమ్మ. "భలే ఉంది పిన్నిగారూ అనుకుంట మిషన్ కాడ కూసుండి తన ప్యాకెట్ తనే అతికిచ్చుకున్నది. నీకెప్పుడన్న గంత ఓపికున్నదా?"

రాజమ్మ అటక మీది చిన్న కుక్కర్ తీసి ఊర్మిళ ఒళ్లో పెట్టింది. "కొండల మీద బియ్యం ఉడకయంట. ఇది లేకుంట పోవుడు లేదు."

మహేశ్ నవ్వలేదు. "బండికి కుక్కర్ కట్టుకోని లదాఖా? క్లబ్బుల ఇజ్జత్ ఏమైతది? అమ్మా, ఈమె రైడింగ్‌కు వస్తలేదు. నా మీద నిఘా పెట్టనీకే వస్తుంది."

నిఘా అన్న మాటకు ఊర్మిళ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత కుక్కర్‌ను తన సంచికి తాడుతో బిగించి కట్టింది.

జమ్మూలో దిగిన దగ్గర్నుంచి దారి వాళ్లను పగబట్టింది. జోజి లా కనుమ ఎక్కేటప్పుడు మోకాలి లోతు బురద. పక్కన లారీ వస్తే, దానికీ లోయకూ నడుమ హ్యాండిల్ పట్టేంత జాగానే మిగిలేది. లేహ్ దాటాక కరిగిన మంచు వాగులై రోడ్డుకు అడ్డం పడింది. బూట్లలో నీళ్లు నిండి కాళ్లు కొయ్యబారాయి. చాంగ్ లా వంపుల్లో ఇంజన్లు ఆస్తమా రోగుల్లా ఎగపోశాయి. సెకండ్ గేర్‌లో లాగని బండి ఫస్ట్‌లో ఏడుస్తూ కదిలింది. మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

ఒక వంపులో ప్రవల్లిక పక్కకు వచ్చింది. "దిగిపోండి ఊర్మిళగారూ. ఈ వయసులో వంటిల్లే క్షేమం."

"నువ్వు ముందు నడు. నీ వెనక ఉంటేనే నాకు క్షేమం."

కనుమ మీద కాన్వాయ్ ఆగి ఉంది. రాడార్ మీద టార్పాలిన్, చుట్టూ జవాన్లు. పక్కన రేకుల షెడ్డులో చాయ్ దుకాణం. క్లబ్బులో వంట చూసే గంగారాం అప్పటికే ఊర్మిళ కుక్కర్ విప్పి, దుకాణం స్టవ్ మీద బియ్యానికి ఎసరు పెట్టాడు. ఊర్మిళ చేతి తొడుగు తీసి వేలికున్న ఆక్సీమీటర్ చూసుకుంది. ఎర్ర లైటు.

"ముల్లెలు విప్పుండ్రి," అంది.

ప్యాకెట్లన్నీ బల్ల మీదికి వచ్చాయి. ఒక్కొక్కటీ దిండులా ఉబ్బి ఉంది. "రాజమ్మత్త సకినాలకు నెలలు నిండినయ్ రా," అన్నాడు గంగారాం. మహేశ్ తన సంచిలోంచి రెండు తీశాడు. ఒకటి పగలబోయేంత ఉబ్బింది. రెండోది, సూరత్‌లో ఎట్లా ఉందో అట్లాగే పల్చగా పడుకుంది.

ఊర్మిళ కళ్లు దాని మీదే ఆగిపోయాయి. సీలు వేసిన కవర్లో ఉండేది సూరత్ గాలి. ఇంత ఎత్తుకు వస్తే అది ఉబ్బి తీరాలి. ఉబ్బలేదంటే కవర్‌కు రంధ్రం ఉంది. సెన్సర్‌కు బయటి గాలి తగలడానికే ఎవరో సూదితో పొడిచారు.

"ఇదెవరిదిరా?"

"ప్రవల్లికది. బ్యాగ్‌ల జాగ లేదంటే లేహ్‌ల నేను పెట్టుకున్న. గిది కూడ రిపోర్ట్ రాస్తవా అక్కా?"

విప్పితే పేలుతుంది. లోయలోకి విసిరినా అక్కణ్నుంచే పిలుస్తుంది. మోసుకుని కిందికి దిగే టైము లేదు. స్టవ్ మీద ఎసరు కుతకుతమంటోంది. ఊర్మిళ రెండడుగులు వేసి, ప్యాకెట్‌ను కుక్కర్లో పడేసి, మూత తిప్పి, విజిల్ పెట్టి మంట పెంచింది.

"ఊర్మిళక్కా, బియ్యం ఎయ్యలే," అన్నాడు గంగారాం.

"మూత తీయండి," అంది వెనక నుంచి ప్రవల్లిక.

మహేశ్ తల మీద ఆమె తెచ్చిన హెల్మెట్ ఉంది. చూసేవాళ్లకు సరదాగా తొడిగినట్టే ఉంటుంది. పట్టీ కొస మాత్రం ఆమె వేళ్ల నడుమ ఉంది. "రాఘవ కూడా పట్టీ చూసుకోలేదు. జవాన్లను పిలిస్తే ఇది బిగుస్తుంది."

మహేశ్ మొహంలో నెత్తురు లేదు. "అక్కా," అన్నాడు. ఏళ్ల తర్వాత ఎగతాళి లేకుండా అన్న మాట అది.

"ఇప్పుడు తెరుచుకోదు," అంది ఊర్మిళ. "ఆవిరి పట్టింది. గుంజితే అందరి మొహాలు కాల్తయ్. జర ఆగాలె. నువ్వెన్నడు వంటింట్లకు పోలేదా?"

"నాతో ఆటలొద్దు."

"పోలేదన్నట్టు. లక్షల మంది చూస్తరు, ఒక్కరు కూడ నేర్పలే."

ప్రవల్లిక పెదవి మొదటిసారి వంకరపోయింది. పట్టీ మీద వేళ్లు బిగిశాయి. సరిగ్గా అప్పుడే కుక్కర్ గొంతు చించుకుని కూసింది. కనుమ మొత్తం ఉలిక్కిపడింది. ప్రవల్లిక తల అటు తిరిగింది. మహేశ్ హెల్మెట్‌లోంచి తల లాగేసుకుని కింద కూలబడ్డాడు. ఊర్మిళ ఆమె మణికట్టు పట్టి వెనక్కి విరిచింది. జవాన్లు వచ్చేసరికి హెల్మెట్ నేల మీద దొర్లుతోంది.

ఊర్మిళ వేలు చూసుకుంది. పచ్చ లైటు. కుక్కర్లో ఆవిరి ఒత్తిడికి సెన్సర్ కనుమ దిగి సూరత్ చేరిపోయాననుకుని, బీకన్‌ను మళ్లీ నిద్రపుచ్చింది. చల్లారాక మేలుకోకుండా ఉండటానికి, సైన్యం వాళ్లు కుక్కర్‌ను మండుతున్న స్టవ్‌తో సహా కిందికి ఎత్తుకుపోయారు.

ప్రవల్లికను నమ్మినందుకు రామలింగేశ్వరరావు క్షమాపణ చెప్పలేదు. "కుక్కర్ సాక్ష్యం కింద పోయింది. ఇంట్లో ఏదో ఒకటి చెప్పుకో," అన్నాడంతే.

లింబాయత్‌లో ఇంటి గడప మీద ఊర్మిళ తల వంచుకుంది. "అమ్మా, నీ కుక్కర్ కొండల మీద పోయింది."

వెనక నిలబడ్డ మహేశ్ మొదటిసారి అక్క పక్షాన నోరు తెరిచాడు. "అక్కనేమనకు అమ్మా."

రాజమ్మ సీలు మిషన్ మీంచి తలెత్తలేదు. "పోతే పోనీ బిడ్డా. దాని విజిల్ మోగక ఏడాదాయె. అందుకే నీకిచ్చిన."