చనిపోయినవాడి డ్యూటీ

పదో అంతస్తులో లిఫ్ట్ తెరుచుకునేసరికి లోపలి మనిషి గోడకి ఆనుకుని నిలబడే ఉన్నాడు. ప్రాణం మాత్రం దారిలో ఏదో అంతస్తులో దిగిపోయింది. మెడ వెనుక చీమ కుట్టినంత ఎర్రటి చుక్క.

"పాయిజన్ నీడిల్," అన్నాడు చీఫ్, ఫోటోని టేబుల్ మీదుగా తోస్తూ. "కొలిమి పని."

కొలిమి అంటే సరిహద్దు అవతలి ముఠా. కోపంతో ఉడుకుతున్న కుర్రాళ్ళని ఏరుకోవడం, ఆ కోపాన్ని ఊది మంట చేయడం, చివరికి చేతిలో బాంబు పెట్టి పంపడం వాళ్ళ వృత్తి.

ఏజెంట్ ఫోటో అందుకున్నాడు. అతని అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో చీఫ్‌కి తప్ప ఎవరికీ తెలియదు. అందరూ నీడ అంటారు.

"ఎవరు సర్ ఈయన?"

"అన్నయ్య. బ్రిడ్జి అవతలి పేటలో మనం ఒక ఫోన్ లైన్ నడుపుతున్నాం. కొడుకో తమ్ముడో చెడ్డవాళ్ళ చేతిలో పడుతున్నాడని అనుమానం వస్తే ఇంట్లోవాళ్ళు పేరు చెప్పకుండా ఫోన్ చేయొచ్చు. ఎత్తేది ఈయనే. మొహం ఎవరూ చూడలేదు. గొంతు ఒక్కటే తెలుసు. ఆ గొంతుని పేటంతా అన్నయ్యా అని పిలుస్తుంది."

"పోయాడని ఎవరెవరికి తెలుసు?"

"నీకు, నాకు, చంపినవాడికి." చీఫ్ సొరుగులోంచి చొక్కా గుండీ ఒకటి తీసి ముందు పెట్టాడు. "వాయిస్ మాడ్యులేటర్. కాలర్‌కి కుట్టుకో. మాట్లాడేది నువ్వు, వినిపించేది ఆయన. రేపు పొద్దున్నే అన్నయ్య డ్యూటీ ఎక్కాలి."

"చచ్చినా సెలవివ్వరన్నమాట."

చీఫ్ నవ్వలేదు. "శుక్రవారం మున్సిపల్ హాల్లో ఈ ప్రోగ్రాం సక్సెస్ మీటింగ్. పేటంతా వస్తుంది. అక్కడ బాంబు పెడతారని సమాచారం. ఎవరు మోస్తారో కనుక్కో. ఫలితాలు కొలిచే కన్సల్టెంట్ ఒకావిడ ఉంది. మేడమ్ అంటారు. నాలుగేళ్ళుగా కొలిమిలో మన మనిషి. ఆమెకి కూడా నీ సంగతి గానీ ఈ చావు సంగతి గానీ తెలియవు. తెలియనివ్వకు."

తాళాలు బాగుచేసే కొట్టు పైన చిన్న గది. ఒక బల్ల, ఒక ఫోన్, కూర్చుని కూర్చుని కుంగిపోయిన కుర్చీ. దాని వీపుకి అన్నయ్య స్వెట్టర్ వేలాడుతోంది. సగం చప్పరించి కాగితంలో చుట్టిపెట్టుకున్న దగ్గు బిళ్ళ ఒకటి బల్ల మీద ఎదురుచూస్తోంది. నీడ కూర్చున్నాడు. కుర్చీలో గుంట ఇంకొకరి కొలత.

గుండీ నొక్కి, పరీక్షగా "హలో" అన్నాడు. చెవిలోని ఇయర్‌పీస్‌లో చనిపోయిన మనిషి నెమ్మదిగా, కాస్త బొంగురుగా "హలో" అన్నాడు. ఎందరో శత్రువుల మధ్య తిరిగిన నీడ, ఖాళీ గదిలో వెనక్కి తిరిగి చూశాడు.

ఫోన్ మోగింది.

"అన్నయ్యా, నేను." ఆడగొంతు. వెనుక కుట్టుమిషన్ చప్పుడు. "మావాడు ఇంట్లో పలకడం మానేశాడు. తల్లి మొహం చూడ్డానికే సిగ్గుపడుతున్నాడు."

"ఎవరితో తిరుగుతున్నాడు? ఎక్కడ కలుస్తారు? ఫోన్ మార్చాడా?"

కుట్టుమిషన్ ఆగింది.

"ఏం లేదులే అన్నయ్యా. ఉంటాను."

లైన్ తెగిపోయింది. ఫోన్ చేసినవాళ్ళ నంబర్లు రాసి ఉంచుకోకూడదన్నది అన్నయ్య పెట్టుకున్న నియమం. ఆ తల్లి ఎవరో, ఏ వీధో కనుక్కునే దారి లేదు. మళ్ళీ తనంతట తానే చేయాలి.

మర్నాడు టెలిఫోన్ మెకానిక్ వేషంలో నీడ ప్రోగ్రాం ఆఫీసుకి వెళ్ళాడు. అద్దాల గదిలో మేడమ్, ప్రోగ్రాంకి డబ్బిచ్చే దాతలకి ఏదో చూపిస్తోంది. నల్ల పట్టుచీర, తలపైకి నెట్టిన చలువ కళ్ళజోడు, గదంతా తనదే అన్నట్టున్న సెంటు వాసన. గోడ మీద గ్రాఫ్ పచ్చగా మెరుస్తోంది.

"హెల్ప్‌లైన్‌కి వచ్చే కాల్స్ సగానికి పడిపోయాయి," అంటోంది తియ్యగా. "అంటే భయం సగం తగ్గినట్టే. ఇక లైన్ అవసరం లేదు. శుక్రవారం మీటింగ్‌లో మూసేస్తున్నాం."

దాతలు చప్పట్లు కొట్టి కాఫీకి లేచారు. నీడ వరండాలో వైర్ల పెట్టె ముందు కూర్చుని గుండీ నొక్కాడు. అప్పటికే పొద్దున్నుంచి, ఉలిక్కిపడేదెవరో చూడాలని, అన్నయ్య గొంతుతో ప్రోగ్రాం వలంటీర్లందరికీ ఫోన్ చేశాడు. ఒక్కొక్కరూ ఎత్తగానే "చెప్పండన్నయ్యా" అన్నారు. ఇక మిగిలింది ఈమే.

అద్దంలోంచి చూస్తున్నాడు. ఆమె ఫోన్ ఎత్తింది.

"మేడమ్, నమస్తే."

ఆమె మొహంలో రక్తం దిగిపోయింది.

"ఎవరు మాట్లాడేది?"

రెండేళ్ళుగా రోజూ వింటున్న గొంతుని పట్టుకుని ఎవరని అడిగింది! ఆ గొంతు ఇక వినబడదని తెలిసినవాళ్ళే అడగాల్సిన ప్రశ్న అది.

"నేనేనండీ. మర్చిపోయారా?"

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళి బంగారు రంగు లిప్‌స్టిక్‌ని గట్టిగా పట్టుకుంది. తర్వాత నవ్వింది. "అయ్యో, జలుబు చేసిందా? గొంతు మారినట్టుంది."

మెషిన్‌కి జలుబు చేయదు.

"మేడమ్ మన మనిషి కాదు సర్," అన్నాడు నీడ, సాయంత్రం సీక్రెట్ లైన్‌లో.

చీఫ్ గ్లాసెడు నీళ్ళు చివరిదాకా తాగిన చప్పుడు లైన్‌లో వినిపించింది. నాలుగేళ్ళ నమ్మకం గొంతు దిగడానికి ఆమాత్రం టైం పడుతుంది. "ఇప్పుడే పట్టుకుంటే బాంబు మోసేవాడు జారుకుంటాడు. మీటింగ్ ఆపితే ఇంకో చోట పెడతాడు. వాడెవడో నాకు కావాలి."

"పేటలో ఎవరూ నోరు విప్పడం లేదు సర్."

"గ్రాఫ్ పచ్చగా ఉందే?"

"శ్మశానం కూడా పచ్చగానే ఉంటుంది సర్."

శుక్రవారం పొద్దున దాకా ఫోన్ మోగలేదు. ఆ గదిలో నీడ మాట్లాడటం మర్చిపోయాడు. గుండీ నొక్కకపోయినా ఎవరో తన పక్కనే గొంతు సవరించుకున్నట్టు ఉండేది. అద్దం ముందు పళ్ళు తోముకుంటూ, ఈ పెదాలు కదిలితే ఎవరి మాట వస్తుందోనని భయపడ్డాడు. ఆ స్వెట్టర్‌ని తీసి పక్కన పెట్టాలనుకున్నాడు. చెయ్యి రాలేదు.

మీటింగ్ ఇంకో గంటలో ఉందనగా ఫోన్ మోగింది. ఎత్తాడు. అవతల కుట్టుమిషన్. మాట లేదు.

ఈసారి నీడ కూడా మాట్లాడలేదు. మిషన్ తిరుగుతోంది, ఆగుతోంది, తిరుగుతోంది. ఎదురుగా గోడ మీద ఎండ జరుగుతోంది. అడగాలని నాలుక చివరిదాకా వచ్చినవన్నీ మింగేశాడు. ఆఖరికి కాలర్ మీది గుండీని పీకి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, నేను ఆయన్ని కాదు," అన్నాడు సొంత గొంతుతో. "ఆయన పోయారు. చంపేశారు."

"తెలుసు బాబూ."

"ఎలా?"

"ఆయన నన్నెప్పుడూ ఏమీ అడిగేవాడు కాదు. నేను ఏడిస్తే ఏడవనిచ్చేవాడు. నువ్వు మొదటిరోజే పోలీసులా మీద పడ్డావు." ఆమె ముక్కు చీదుకుంది. "పోయినవాడి గొంతయితేనేం, ఎత్తే దిక్కంటూ ఒకటుందని మళ్ళీ చేశాను."

"మిగతావాళ్ళెవరూ ఎందుకు చేయడం లేదమ్మా?"

"ఎలా చేస్తారు? పోయినేడు పక్కింటావిడ నమ్మి చెప్పింది. మీ జీపొచ్చి వాళ్ళవాణ్ణి ఎక్కించుకుపోయింది. ఇప్పటిదాకా ఎక్కడున్నాడో తెలియదు. ఆ రోజు మీ అన్నయ్య నాకంటే ఎక్కువ ఏడ్చాడు. మావాణ్ణీ అలాగే తీసుకుపోతారా?"

పచ్చటి గ్రాఫ్ నీడ కళ్ళ ముందు కదిలింది. తగ్గింది భయం కాదు. నమ్మకం.

"తీసుకెళ్తాం. అబద్ధం చెప్పను. కానీ విచారణ గదిలో మీరు వాడి పక్కనే కూర్చుంటారు. అందుకు పూచీ నాది."

మిషన్ ఆగిపోయింది. "సౌండ్ బాక్సుకి నల్లగుడ్డ తొడుగు కుట్టమన్నాడు. కొలత తీసుకుంటానంటే ముట్టుకోనివ్వలేదు. మున్సిపల్ హాల్లో మైక్ సెట్ వాడిదే బాబూ. ఇవాళ నన్ను రావద్దని ఒట్టు వేయించుకున్నాడు."

"మీ ఇల్లెక్కడ?"

ఈ ప్రశ్నకి ఆమె జవాబు చెప్పింది.

టైలరమ్మని ఎక్కించుకొచ్చిన నీడ స్కూటర్ హాలు మెట్ల దగ్గర ఆగేసరికి మేడమ్ ప్రసంగం ముగిసింది. కుర్చీల నిండా తల్లులు, తండ్రులు, చంటిపిల్లలు. స్టేజీ పక్కన నల్లతొడుగు వేసిన పెద్ద సౌండ్ బాక్సు. ఈ లైన్‌తో మాట్లాడినవాళ్ళకి ఏ గతి పడుతుందో ఊరికి చూపించడమే కొలిమి ప్లాన్. మేడమ్ జనానికి చేతులు జోడించి, పక్క తలుపు వైపు తీరుబడిగా నడుస్తోంది.

టైలరమ్మ ఎవరినీ చూడలేదు. తిన్నగా నడిచి వెళ్ళి ఆ బాక్సు మీద కూర్చుంది.

మైకుల దగ్గరున్న కొడుకు మొహం సున్నం కొట్టినట్టయింది. "అమ్మా! నువ్వెందుకొచ్చావ్? లే! లే అక్కణ్ణుంచి!"

"ఎందుకురా? నేనే కుట్టాను కదా తొడుగు. గట్టిగానే ఉంది."

"అమ్మా, నీ కాళ్ళు మొక్కుతా..."

"లోపల పెట్టింది నువ్వు తీసేదాకా లేవను."

మేడమ్ తలుపు దాటింది. బంగారు రంగు లిప్‌స్టిక్ మూత తీసింది. అడుగున ఎర్రటి బటన్. నీడ జేబులోంచి గుండీ తీసి హాలు మైకుకి ఆనించాడు.

"మేడమ్," అన్నాడు అన్నయ్య, నాలుగు గోడల్లోంచీ ఒకేసారి. "లిఫ్ట్‌లో మీ సెంటు వాసన ఇంకా పోలేదండీ."

పేటవాళ్ళందరూ గొంతు గుర్తుపట్టి "అన్నయ్యా!" అని లేచి నిలబడ్డారు. మేడమ్ వెనక్కి తిరిగింది. ఎవరూ లేని చోటికి చూస్తూ ఒక్క క్షణం కొయ్యబారింది. ఆ క్షణంలో కొడుకు తల్లి కాళ్ళ మధ్యనుంచి తొడుగు చించి, లోపలికి చెయ్యి పెట్టి, ఏడుస్తూ ఒక తీగ లాగేశాడు. మేడమ్ బొటనవేలు బటన్ మీద పడింది.

ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కబోయిన మణికట్టు ఈలోగా పరిగెత్తుకొచ్చిన నీడ చేతిలో ఉంది.

వారం తర్వాత ఇంటరాగేషన్ గదిలో కొడుకు కొలిమి మనుషుల ఆనవాళ్ళు ఒక్కొక్కటీ చెబుతున్నాడు. పక్క కుర్చీలో టైలరమ్మ ఎవరిదో చొక్కాకి చేతికుట్టు వేస్తోంది. కొడుకు తడబడినప్పుడల్లా తలెత్తకుండానే "ఊఁ, చెప్పు," అంటోంది. కిందటేడు తీసుకెళ్ళిన పక్కింటివాడు ఏ ఊరి జైల్లో ఉన్నాడో చీఫ్ వెతికిస్తున్నాడు. నీడ పెట్టిన షరతు అది.

పై అంతస్తులో చీఫ్ దాతలు పంపిన ఫారం ముందేసుకుని తల పట్టుకున్నాడు.

"ఈ ప్రోగ్రాం వల్ల ఏం ఫలితం వచ్చిందో రుజువు చూపించమంటున్నారు. పేలిన బాంబుకైతే ఫోటో ఉంటుంది. పేలనిదానికి ఏం చూపించమంటావయ్యా?"

"ఆ రోజు హాల్లోంచి ఇంటికి వెళ్ళినవాళ్ళని లెక్కపెట్టుకోమనండి సర్."

చీఫ్ ఫారాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి పెన్నుకి మూత పెట్టేశాడు.

"ఆ గడి ఇందులో లేదు."